కార్జానికి తగిలిన బాణం: ఒంటరిగా జాడ తీసిన ఒక కేసు

అమెరికాలోని మాడిసన్ నుంచి పడమరగా గంట ప్రయాణం చేస్తే విస్కాన్సిన్ రాష్ట్రంలోని అయోవా కౌంటీ వస్తుంది. హిమయుగంలో మంచు పలకలు తాకకుండా వదిలేసిన నేల అది, అందుకే చదునుగా ఉండదు. ఓక్ చెట్ల గుట్టలు, మధ్యలో లోతైన లోయలు, లోయల అడుగున వాగులు, పైన మొక్కజొన్న చేలు. ఎనిమిదేళ్లుగా అక్కడ ఒక పెద్దాయన పొలంలో, ఆయన అనుమతితో, విల్లుతో జింకల వేట చేస్తున్నాను. ఇక్కడ రాస్తున్నది మూడేళ్ల కిందటి కేసు.

ముందు వివరాలు. ఎదిగిన ఆడ తెల్లతోక జింక. చెట్టు మీద 18 అడుగుల ఎత్తున మాటు. దూరం 24 గజాలు. బాణం తగిలింది అక్టోబర్ చివరి వారంలో ఒక సాయంత్రం 6:05కి. జింక దొరికింది మర్నాడు ఉదయం 9:40కి, తగిలిన చోటి నుంచి దాదాపు 270 గజాల దూరంలో. జాడ తీసిందీ, బయటికి లాగిందీ నేనొక్కడినే. దెబ్బ కార్జానికి, మేత పొట్ట అంచుకి తగిలింది. అంటే నేను అనుకున్న చోట తగల్లేదు.

మన దగ్గర చదివేవాళ్ల కోసం ఒక మాట. భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటం నేరం. అలాగే ఉండాలి కూడా. ఇక్కడ పరిస్థితి వేరు. ఈ ఒక్క రాష్ట్రంలోనే తెల్లతోక జింకలు పది లక్షలకు పైన ఉన్నాయి. లేత ఓక్ మొక్కల్ని పైకి లేవనివ్వవు, పంటల్లో పడతాయి, రోడ్ల మీద కార్లకి అడ్డం వస్తాయి. లైసెన్సులు ఇచ్చి, ఎక్కడ ఎన్ని కొట్టవచ్చో లెక్క కట్టి, వేట ద్వారానే సంఖ్యను అదుపులో పెడతారు. 1973 జనవరి 1 నాడు గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు లైసెన్సు కొనాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసవ్వాలి. నేను తుపాకీ కాకుండా విల్లు పట్టడానికి మొదటి కారణం వీసా. వీసా మీద ఉన్నవాళ్లకి తుపాకీల విషయంలో ఫెడరల్ చట్టం షరతులు పెడుతుంది, విల్లుకి ఆ చిక్కు లేదు. తర్వాత గ్రీన్ కార్డు వచ్చినా విల్లు వదల్లేదు.

బాణం వదలడం

ఆ రోజు సాయంత్రం గాలి పడమర నుంచి మెల్లగా వీస్తోంది. మామూలుగా నాతో వచ్చే స్నేహితుడు ఊళ్లో లేడు. ఐదున్నరకి రెండు ఆడజింకలు గుట్ట మీద నుంచి ఓక్ కాయలు ఏరుకుంటూ కిందికి దిగాయి. పెద్దది ముందు, చిన్నది వెనక. పెద్దది నా చెట్టుకి 24 గజాల్లోకి వచ్చి, కుడి పక్క నాకు చూపిస్తూ నిలబడింది.

విల్లు ఎత్తేటప్పుడు నా జాకెట్ చెయ్యి చెట్టు బెరడుకి రాసుకుంది. చిన్న చప్పుడు. జింక తల ఎత్తి నా వైపు చూసింది. చెవులు రెండూ ముందుకి తిప్పింది. ముందు కాలు ఒకటి నేల మీద తట్టింది. ఇది తెలిసిన గుర్తే, అనుమానం వచ్చిన జింక అలాగే తడుతుంది. అప్పటికే నారి పూర్తిగా లాగి ఉన్నాను. నిమిషం పాటు అలాగే పట్టుకున్నాక అది తల తిప్పింది, దించలేదు. నేను వదిలేశాను.

ఇక్కడ లెక్క చెప్పాలి. నా విల్లు లాగే బరువు 60 పౌండ్లు, బాణం వేగం సెకనుకి 265 అడుగులు. 24 గజాలంటే 72 అడుగులు. బాణం అక్కడికి చేరడానికి సెకనులో పావు వంతు కన్నా కాస్త ఎక్కువ పడుతుంది. నారి చప్పుడు సెకనుకి దాదాపు 1100 అడుగుల వేగంతో పోతుంది, బాణం కన్నా సెకనులో ఐదో వంతు ముందే జింక చెవిలో పడుతుంది. నిమ్మళంగా మేస్తున్న జింకకి ఆ వ్యవధి చాలదు. అప్పటికే ఒళ్లు బిగబట్టి ఉన్న జింకకి చాలు. పరుగు అందుకోవడానికి ముందు అది కాళ్లు వంచి కిందికి కుంగుతుంది. నా జింక కుంగుతూనే ఒక అడుగు ముందుకి వేసింది. ముందు కాలి వెనకాల, ఒంట్లో కింది నుంచి మూడో వంతు ఎత్తున గుండె మీద పెట్టిన గురి, ఏడెనిమిది అంగుళాలు వెనక్కి జరిగిపోయింది.

విల్లు దించి ఉండాల్సింది. అనుమానపడ్డ జింక మీద బాణం వదలకూడదన్న సంగతి నాకు అప్పటికే తెలుసు. వదిలాను. ఆ తర్వాత జరిగిందంతా ఇక్కడి నుంచే మొదలైంది.

చెట్టు మీద నుంచి కనిపించింది

బాణం తగిలిన చప్పుడు గట్టి ఎముక చప్పుడు కాదు. తడి గోనెసంచి మీద కర్రతో కొట్టినట్టు మెత్తగా వినిపించింది. జింక వీపు కాస్త గూనిలా ఎత్తి, వాలులో కిందికి పరుగెత్తింది. కానీ ఊపిరితిత్తులకి తగిలిన జింకలా పొదలు విరుచుకుంటూ గుడ్డిగా పోలేదు. యాభై, అరవై గజాలు పోయి ఆగింది. తోక కాళ్ల మధ్యకి అణుచుకుంది. బెదిరిన తెల్లతోక జింక తోకని జెండాలా పైకెత్తుతుంది, దెబ్బ తగిలింది చాలాసార్లు ఇలా అణుచుకుంటుంది. అది అక్కడ చాలాసేపు నిలబడి, ఆ తర్వాత అడుగులో అడుగు వేసుకుంటూ ముళ్ల పొదల్లోకి నడిచి వెళ్లింది. నడిచి వెళ్లింది అన్న మాట నా నోట్స్‌లో రాసి ఉంది. దాని అర్థం మాత్రం అప్పుడు నేను పట్టించుకోలేదు.

ఒంటరిగా వేటాడేవాళ్లు ఈ దశలో చేయాల్సినది ఒకటుంది, అది మాత్రం సరిగ్గానే చేశాను. కిందికి దిగక ముందే, జింక నిలబడిన చోటు ఎక్కడో, ఆఖరుసారి కనిపించింది ఎక్కడో ఫోనుతో ఫోటోలు తీశాను. దిక్సూచి కోణం రాసుకున్నాను. పై నుంచి చూసిన అడవి, నేల మీద నుంచి చూసే అడవి ఒకటి కావు. పైన ఉన్నప్పుడు ఎదురుగా కనిపించే పంగల ఓక్ చెట్టు కింద నిలబడితే మరో నాలుగు చెట్ల వెనక్కి పోతుంది. ఇద్దరుంటే ఒకరు చెట్టు మీదే ఉండి దారి చెప్పవచ్చు. ఒక్కడికి ఆ ఫోటోలే దిక్కు.

చేతులు వణుకుతున్నాయి. చెట్టు దిగేటప్పుడు కింద పడే ప్రమాదం ఎక్కువగా ఉండేది ఇలాంటప్పుడే. నడుముకి కట్టుకున్న పట్టీ, చెట్టు పొడవునా కట్టిన తాడు నేల మీద కాలు పెట్టేదాకా విప్పలేదు. లోయలో ఫోను సిగ్నల్ సరిగా ఉండదు. ఒక్కడినే ఉండి కాలు విరిగితే, జింక సంగతి తర్వాత, నన్ను వెతకాల్సి వస్తుంది.

తప్పుగా చదివిన బాణం

అరగంట చెట్టు మీదే ఆగి 6:35కి దిగాను. బాణం జింక ఒంట్లో నుంచి దూసుకుపోయి నేలలో గుచ్చుకుని ఉంది. తలకి కట్టుకున్న లైటు వెలుతురులో ఎర్రగా కనిపించింది. పక్కన వెంట్రుకలు రెండు రకాలు. పొడవుగా, బూడిద రంగులో, కొసన నలుపు ఉన్నవి కొన్ని, తెల్లవి నాలుగైదు. నోట్స్‌లో 'మంచి నెత్తురు, దూసుకుపోయింది' అని రాసుకున్నాను.

ఆ తెల్ల వెంట్రుకలు పొట్ట కింది భాగానివి. బాణం వెనక వైపు, కిందుగా బయటికి వచ్చిందని అవి చెబుతున్నాయి. గూనిలా ఎత్తిన వీపు, నెమ్మది నడక కూడా అదే చెబుతున్నాయి. కానీ నాకు ఊపిరితిత్తుల దెబ్బ కావాలి. కావాలనుకున్న కళ్లకి ఎర్రగా కనిపించిందంతా మంచి నెత్తురే. జాడ మీద నడవడం మొదలుపెట్టాను.

ఈ పనిలో కొత్తగా ఉన్నవాళ్లకి ఎందుకు ఆగాలో కారణాలతో చెబుతాను, కారణం తెలిస్తేనే కాలు ఆగుతుంది. రెండు ఊపిరితిత్తుల్లోంచి బాణం పోతే రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. జింక కొన్ని సెకన్లలో, నూరు నూటయాభై గజాల్లోపే కూలుతుంది. ఆ నెత్తురు లేత గులాబీ రంగులో, చిన్న చిన్న బుడగలతో ఉంటుంది. కార్జానికి తగిలితే నెత్తురు ముదురు రంగులో, గోధుమ కలిసిన ఎరుపులా ఉంటుంది. అది లోపల మెల్లగా కారుతుంది, ప్రాణం పోవడానికి గంటలు పట్టవచ్చు. అందుకే నాలుగు నుంచి ఆరు గంటలు ఆగాలంటారు. పొట్టకి, పేగులకి తగిలితే పెద్ద రక్తనాళాలు తెగవు. బాణం మీద ఆకుపచ్చ మడ్డి, పులిసిన మేత వాసన ఉంటాయి. ఆ దెబ్బకి ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఆగాలి.

అలా దెబ్బ తిన్న జింకకి ఒంట్లో బాగోదు. దగ్గరలోని గుబురులో పడుకుంటుంది. కదిలించకపోతే చాలాసార్లు ఆ పడకలోనే ప్రాణం విడుస్తుంది. కదిలిస్తే లేచి, ఉన్న బలమంతా కూడగట్టుకుని ఎంత దూరమైనా పోతుంది. అప్పటికి గాయం మూసుకుపోయి నెత్తురు కింద పడదు, జాడ ఉండదు. దాని బాధ పెరుగుతుంది, మనకి దొరకదు.

ఇదంతా నాకు తెలుసు. తెలిసీ ముప్పై ఐదు గజాలు నడిచాను. అక్కడ ఒక ఓక్ ఆకు మీద పెద్ద బొట్టు. అలవాటుగా జేబులోంచి తెల్ల టిష్యూ తీసి దానికి అద్దాను. లైటు వెలుతురులో ఆకు మీద ఎర్రగా ఉన్నది, తెల్ల కాగితం మీద ఇటుక పొడి కలిపినట్టు ముదురుగా కనిపించింది. మధ్యలో ఇసుక రేణువుల్లాంటివి రెండు, మూడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మేక పొట్ట కడిగేటప్పుడు వచ్చే వాసన. చిన్నప్పుడు మా ఇంట్లో పండగకి బోటీ కడిగేటప్పుడు పక్కన కూర్చున్నవాడిని, ఆ వాసన నేను పొరబడను.

లైటు ఆర్పేసి అక్కడే నిలబడ్డాను. టైము 6:50. ఆ చెట్టుకి నారింజ రంగు రిబ్బను కట్టి, వచ్చిన దారినే, అడుగులు చప్పుడు కాకుండా వెనక్కి వచ్చాను.

రాత్రి

ఎప్పుడు తిరిగి రావాలన్నది ఒక్క దెబ్బని బట్టే తేలదు. కార్జం ఒక్కటే అయితే రాత్రి పదకొండుకి రావచ్చు. పొట్ట కూడా అయితే తెల్లవారాలి. ఆ రాత్రి చలి 1 డిగ్రీ సెల్సియస్ దాకా పడుతుందని చెప్పారు కాబట్టి మాంసం పాడయ్యే భయం తక్కువ. రాత్రంతా 10 డిగ్రీల పైన ఉండి ఉంటే నిర్ణయం మార్చేవాణ్ణి. వాన మర్నాడు మధ్యాహ్నం దాకా లేదు. అర్ధరాత్రి వాన ఉంటే నెత్తురు కొట్టుకుపోతుంది, అప్పుడు పదకొండుకే దిగాల్సి వచ్చేది. కయోటీలు (నక్కల్లాంటి అడవి జంతువులు) ఉన్నాయి, అవి ముందే చేరవచ్చు. ఆ రిస్కు తీసుకోవాలి. ఉదయం ఏడింటికి అని తేల్చుకున్నాను.

గుట్ట మీదికి వచ్చాక రైతుకి ఫోన్ చేశాను. జింక పోయిన వైపు పక్క పొలం కంచె ఉంది. ఆ పొలం ఆయనకి కూడా ఫోన్ చేసి, తెల్లారి లోపలికి రావడానికి అనుమతి అడిగాను. గాయపడ్డ జింక కోసమైనా ఇక్కడ అనుమతి లేకుండా ఇంకొకరి నేలలో కాలు పెట్టకూడదు. ఆయన సరేనన్నారు. ఆ తర్వాత జాడ తీసే కుక్క ఉన్న ఒకాయనతో మాట్లాడాను. యునైటెడ్ బ్లడ్ ట్రాకర్స్ అనే సంస్థ ఇలాంటివాళ్ల జాబితా ఉంచుతుంది. విస్కాన్సిన్‌లో కుక్క మెడకి తాడు కట్టి జాడ తీయించడం చట్టబద్ధమే. ఆయన రెండే మాటలు చెప్పారు. తెల్లారేదాకా ఆగండి. నెత్తురు దొరక్కపోతే అటూ ఇటూ తొక్కకుండా నాకు ఫోన్ చేయండి, మీ బూట్లకి అంటిన నెత్తురు వాసన అడవంతా పరిస్తే కుక్క ఏ దారి పట్టాలో తెలియక తికమకపడుతుంది.

ఇంటికి వెళ్లేసరికి ఎనిమిదిన్నర. నా మొహం చూసే మా ఆవిడకి అర్థమైంది. "దొరకలేదా అండీ?" అంది. "ఇంకా వెతకలేదు" అన్నాను. అన్నం పెట్టింది, నాకు తినబుద్ధి కాలేదు.

తొమ్మిదికి, అంటే అక్కడ పొద్దున ఏడున్నరకి, నల్గొండ నుంచి అమ్మ వాట్సాప్‌లో ఫోన్ చేసింది. అమ్మ వాళ్లది గొర్రెలున్న ఇల్లు. చెప్పక తప్పలేదు.

"గాయమైన జీవాన్ని గట్లనే చీకట్ల ఇడిసిపెట్టి వచ్చినవారా?" అంది.

"ఇప్పుడు పోతే లేచి ఉరుకుతదమ్మా. పండుకున్నకాడనే పండుకోనియ్యాలె."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నిజమే. కుక్క కరిచిన గొర్రెను ఎంబడి పడి పట్టబోతే చేన్లు దాటిపోతది. మీ తాత జర దూరం కూసునెటోడు, దాని దిక్కు సూడకుంట" అంది. "దానికి పిల్లలున్నయా?"

ఉన్నాయేమో తెలియదని చెప్పాను. వెనక ఉన్న చిన్నది ఆ ఏటి పిల్లే అయి ఉంటుంది. ఇక్కడ జింకలు మే చివర్లో, జూన్‌లో ఈనతాయి, అక్టోబర్‌కి పిల్లలు పాలు మాని మేత మేస్తుంటాయి, తల్లి లేకపోయినా బతుకుతాయి. ఆ సంగతే అమ్మకి చెప్పాను. "మల్ల పొద్దుగాల లేచి పో" అని ఫోన్ పెట్టేసింది. నిద్ర పట్టలేదు. పదకొండుకి ఒకసారి లేచి బూట్లు తొడుక్కున్నాను కూడా. మళ్లీ విప్పాను. ఈ కేసు మొత్తంలో నాకు కష్టమైన పని అదే.

జాడ

ఉదయం 7:00. ఆకుల మీద, గడ్డి మీద మంచు పొర. నా దగ్గర ఉన్నవి నారింజ రిబ్బను చుట్ట, టిష్యూలు, స్ప్రే సీసాలో హైడ్రోజన్ పెరాక్సైడ్, కత్తి, చేతి తొడుగులు, విల్లు. రిబ్బను కట్టిన చెట్టు నుంచి మొదలుపెట్టాను. జాడ మీద కాలు పెట్టకుండా పక్కనే నడవాలి. ప్రతి బొట్టు దగ్గరా ఒక రిబ్బను. కొన్ని బొట్ల తర్వాత వెనక్కి తిరిగి చూస్తే ఆ రిబ్బన్ల వరస, జింక ఏ దిక్కుకి పోవాలనుకుందో చూపిస్తుంది.

మొదట్లో రెండు, మూడు అడుగులకొక బొట్టు. జింక నిలబడిందని నేను ఫోటో తీసిన చోట అరచేతంత మడుగు గడ్డకట్టి ఉంది. గడ్డిపోచల మీద మరకలు రెండు వైపులా ఉన్నాయి. కుడి వైపు మరకలు నా తొడ ఎత్తున, ఎడమ వైపువి మోకాలి కింద. బాణం పై నుంచి కిందికి దిగిందని, లోపలికి పోయిన రంధ్రం పైన, బయటికి వచ్చింది కింద అని దానితో రూఢి అయింది.

ముళ్ల పొదల్లో మొదటి పడక దొరికింది. గడ్డి గుండ్రంగా అణిగి, పొట్ట ఆనిన చోట ముదురు నెత్తురు గడ్డ. పడక ఖాళీ. అందులో కూడా మంచు పొర పేరుకుని ఉంది, అంటే జింక చాలా ముందే లేచిపోయింది. అక్కడి నుంచి గిట్టల గుర్తులు లోతుగా, రెండు గిట్టలూ విచ్చుకుని పడ్డాయి. నడుస్తూ పోయిన జింక గుర్తులు కావవి.

పడక నుంచి నెత్తురు పలచబడింది. పదడుగులకొకటి, తర్వాత ఇరవై అడుగులకొకటి. కంచె దగ్గర కింది ముళ్ల తీగకి ఒక తెల్ల వెంట్రుకల కుచ్చు, పక్కన చిన్న మరక. అంతే. కంచె అవతల ఏమీ లేదు.

అక్కడి నుంచి గంటన్నర పట్టింది. కంచె దాటాక జింకల దారులు మూడు వైపులకి చీలుతున్నాయి. ఒక్కో దారిలో యాభై గజాల చొప్పున మోకాళ్ల మీద వెతికాను. అక్టోబర్‌లో ఈ అడవిలో పెద్ద చిక్కు షుగర్ మేపుల్ ఆకులు. పండి రాలిన ఆకు మీద ఎర్ర మచ్చలు అచ్చం ఎండిన నెత్తురు చుక్కల్లా ఉంటాయి. ప్రతి మచ్చ దగ్గరా గుండె ఒకసారి లేస్తుంది. వేలు తడిచేసి రుద్దితే నెత్తురైతే వేలికి అంటుతుంది, ఆకు మచ్చ అంటదు. అనుమానం తీరకపోతే పెరాక్సైడ్ చల్లాలి. నెత్తురులో ఉండే కాటలేజ్ అనే ఎంజైమ్ వల్ల తెల్లగా నురగ వస్తుంది. నలభై మచ్చల మీదైనా చల్లి ఉంటాను. నలభై ఒకటోదో ఎన్నోదో, వాగు వైపు దిగే దారిలో, తిరగబడి ఉన్న ఒక ఆకు అడుగున నురగ వచ్చింది.

నిజం చెప్పాలంటే అంతకు ముందు పది నిమిషాల నుంచి కుక్క ఉన్నాయనకి ఫోన్ చేయడం గురించే ఆలోచిస్తున్నాను. ఇంకో అరగంటలో దొరక్కపోతే చేసేవాణ్ణి. నిజానికి ఇంకా ముందే చేయాల్సింది. ముందు పిలిస్తే తొక్కని జాడ కుక్కకి దక్కుతుంది.

ఆ ఆకు నుంచి ముందు దిక్కు తెలిసింది, బొట్లు మాత్రం మళ్లీ లేవు. ఫోనులో మ్యాప్ తెరిచి, వాగు ఒడ్డు దాకా పది గజాల ఎడంతో వరసలు వేసుకుని నడవడం మొదలుపెట్టాను. దెబ్బ తిన్న జింక గుబురు కోసం, పల్లం కోసం పోవడం ఎక్కువగా చూశాను. మూడో వరసలో, వాగు పక్కన నడుమెత్తు గడ్డి మధ్య గోధుమ రంగు కనిపించింది. కొమ్మేమో అనుకున్నాను. తర్వాత తెల్లటి పొట్ట కనిపించింది.

వెనక వైపు నుంచి వెళ్లాను. పొడుగాటి పుల్లతో కంటిని తాకాను. రెప్ప కదల్లేదు. ప్రాణం ఉన్న జంతువైతే కన్ను మూస్తుంది, కాళ్లు విసురుతుంది, అందుకే ముందు నుంచి పోకూడదు, చేత్తో తాకకూడదు. టైము 9:40. విల్లు పక్కన పెట్టి, దాని మెడ మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చున్నాను. క్షమించమని తెలుగులోనే అన్నాను.

కోసి చూస్తే

బాణం కుడి వైపు, వెనక నుంచి మూడో, నాలుగో పక్కటెముకల మధ్య దూరింది. కార్జం వెనక భాగాన్ని చీల్చింది. అక్కడి నుంచి కిందికి దిగి, ఎడమ వైపున్న మేత పొట్ట అంచుని కోసి బయటికి వచ్చింది. బయటి రంధ్రంలో కొవ్వు పొర ఒకటి గుడ్డ కుక్కినట్టు ఇరుక్కుని ఉంది. కంచె తర్వాత నెత్తురు ఎందుకు లేదో దానితో అర్థమైంది. నెత్తురు లేకపోలేదు, అంతా లోపలే, అడ్డపొర వెనకాల గడ్డలుగా నిండి ఉంది. నేల మీద నెత్తురు తక్కువుంటే దెబ్బ చిన్నదనుకుని వెతకడం మానేసేవాళ్లు నాకు తెలుసు, వాళ్లకి ఈ ఫోటో చూపిస్తుంటాను.

కాళ్లు బిగుసుకుపోయాయి. పొట్ట లోపల చెయ్యి పెడితే ఇంకా కొద్దిగా వెచ్చదనం ఉంది. మాంసం వాసన బాగుంది. వెన్నెముక లోపలి వైపు ఉండే మెత్తటి కండలకి మాత్రం పొట్టలోని మడ్డి అంటింది, వాటిని పారేశాను. మిగతాదంతా పనికొచ్చింది. ఆ రాత్రి ఇంకో పది డిగ్రీలు ఎక్కువుంటే ఇలా రాయగలిగేవాణ్ణి కాదు.

పేగులు తీసేశాక కూడా వంద పౌండ్లకి తక్కువుండదు. ప్లాస్టిక్ స్లెడ్ మీద కట్టి, గుట్ట మీదికి లాగడానికి గంటన్నర పట్టింది. నలభై అడుగులు లాగడం, ఆగడం, ఊపిరి కుదురుకున్నాక మళ్లీ నలభై. ఒంటరిగా జింకను లాగుతూ గుండెపోటు వచ్చినవాళ్ల సంగతి హంటర్ ఎడ్యుకేషన్ క్లాసులో చెప్పారు. అందుకని ఆగిన ప్రతిసారీ మా ఆవిడకి మెసేజ్ పెట్టాను, సిగ్నల్ దొరికినప్పుడల్లా పోయేలా. పైకి వచ్చాక ఫోనులోనే జింకను రిజిస్టర్ చేశాను. దొరికిన మర్నాడు సాయంత్రం 5 లోపు చేయాలన్నది రూలు, నేను వాయిదా వేయను.

ఆ రోజే ఇంకో పని. ఈ ప్రాంతంలో జింకలకి క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే మెదడు జబ్బు ఉంది, విస్కాన్సిన్‌లో 2002లో మొదటిసారి బయటపడింది. మనుషులకి సోకినట్టు రుజువు కాలేదు. కానీ ఆ జబ్బుకి మూలమైన ప్రియాన్లు అనే చెడిపోయిన ప్రోటీన్లు వంటలో వేడికి నశించవు, జబ్బున్న జింక మాంసం తినొద్దని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. తలని కొంత మెడతో సహా రాష్ట్ర సహజ వనరుల శాఖ పెట్టిన పెట్టెలో వదిలితే ఉచితంగా పరీక్ష చేస్తారు. ఫలితం వచ్చేదాకా మాంసం ఫ్రీజర్‌లోంచి తీయలేదు. జబ్బు లేదని వచ్చాక మొదటి కూర గోంగూరతో వండాం.

ఆ తర్వాత నేను మార్చుకున్నవి కొన్నే. తల ఎత్తి ఉన్న జింక మీద బాణం వదలను, ఎంత దగ్గరైనా సరే. బాణం దొరికిన చోటే, ఒక్క అడుగు కూడా వేయకముందే, తెల్ల టిష్యూకి తుడిచి చూస్తాను, వాసన చూస్తాను. వెంట్రుకల్ని ఫోటో తీస్తాను. ఏ దెబ్బో తేలకపోతే ఎక్కువ గంటల లెక్కే తీసుకుంటాను.

వారం తర్వాత, కట్టిన రిబ్బన్లన్నీ విప్పడానికి మళ్లీ వెళ్లాను. అడవిలో వదిలేయకూడదు. వాగు దగ్గర మొదలుపెట్టి వెనక్కి, కంచె, మొదటి పడక, ఆ సాయంత్రం లైటు ఆర్పి నిలబడ్డ ఓక్ చెట్టు. పడక నుంచి ఆ చెట్టు దాకా అడుగులు లెక్కపెట్టాను. అరవై ఒకటి. తిరిగి పడక దగ్గరికి వచ్చి, జింక తల ఎత్తున ఉండేలా మోకాళ్ల మీద కూర్చుని చూశాను. పొదల కింది నుంచి, కొమ్మల మధ్యగా, ఆ చెట్టు మొదలు, దాని ముందు నేను నిలబడ్డ నేల, ఏ అడ్డూ లేకుండా కనిపించాయి.